తల్లి ఉన్న పిల్ల

సోమవారం ఆ ఇంట్లో దుప్పట్ల రోజు. అరవై రెండు మంచాలు, అరవై రెండు దుప్పట్లు, అన్నే గలీబులు. అవి కాక పిల్లల గౌన్లు, సిస్టర్ల ముసుగులు, చర్చిలో పీఠం మీద పరిచే తెల్లగుడ్డలు. అన్నీ ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఎవరి అరలో వాళ్ళవి సర్దేది ఒకే ఒక మనిషి. పిల్లలందరూ ఆమెను ‘ఇస్త్రీ పిన్ని’ అంటారు. సిస్టర్లకూ అదే పేరు నోటికి అలవాటైంది. అసలు పేరేమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అది కన్యస్త్రీలు నడిపే ఆడపిల్లల ఆశ్రమం. అక్కడ ప్రతి గౌను మెడ లోపలా ఎర్రదారంతో ఒక అంకె కుట్టి ఉంటుంది. ఇస్త్రీ పిన్ని గౌనును ఒక్క దులుపు దులిపి బల్ల మీద పరిచిందంటే, పెట్టె నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ముడత అన్నది మచ్చుకైనా మిగలదు. ఒక్క ఇరవై ఏడో నంబరు గౌను తప్ప. దాన్ని మాత్రం గబగబా రెండుసార్లు రుద్ది, చేతుల దగ్గర ముడతలు అలాగే వదిలేసి, పక్కన పడేస్తుంది.

ఇరవై ఏడో నంబరు పిల్ల పేరు గువ్వ. ముద్దుపేరే లెండి. ఏడేళ్ళు నిండాయి. పిట్ట కొంచెం కూత ఘనం.

“ఇస్త్రీ పిన్నీ, ఇంతమందిలో నా గౌనే ఎప్పుడూ నలిగి ఉంటుందేం?” అని ఒకరోజు పదిమంది ముందు నిలదీసింది.

“నువ్వు కాసేపు కదలకుండా ఉంటే కదే గౌను నలగకుండా ఉండేది!” అంది ఆవిడ. పిల్లలందరూ పకపకా నవ్వారు. గువ్వ కూడా నవ్వింది.

గువ్వకు ఆవిడ పిన్ని అవుతుందని ఆశ్రమంలో అందరికీ తెలుసు. ‘చనిపోయిన అక్క కూతురు కదా, కాస్త దగ్గరికి తీయొచ్చు కదా, రాతిగుండె మనిషి’ అని వంటమనిషి ఒకటి రెండుసార్లు నొచ్చుకుంది కూడా. చదువుతున్న మీరూ అదే అనుకోవచ్చు. అందరూ అలా అనుకోవాలనే ఆవిడ తాపత్రయమంతా. ఎందుకంటే చనిపోయిన అక్క అంటూ ఎవరూ లేరు. గువ్వ ఆవిడ కన్నకూతురు.

కన్నకూతురికి పిన్ని కావడమేమిటని విస్తుపోకండి. సంగతి మొదటినుంచీ చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఆవిడ ఒక పెద్ద హోటలు బట్టలు ఉతికేచోట పనిచేసేది. నేలమాళిగలో వేడినీళ్ళ బాయిలర్లు, ఆవిరి, చెవులు గింగురుమనే యంత్రాలు. పిల్లల్ని లోపలికి రానివ్వరు. పని వెతుక్కుంటానని వెళ్ళిన మొగుడు పనిని వెతుక్కున్నాడో ఇంకో మనిషిని వెతుక్కున్నాడో, తిరిగి రాలేదు. నాలుగేళ్ళ పిల్లను గదిలో పెట్టి, బయట తాళం వేసి, పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, తల్లి వచ్చేసరికి గోడ వైపు తిరిగి కూర్చుని ఉండేది. ఒకరోజు పక్క గదిలో పొయ్యి అంటుకుని పొగ కమ్మేసింది. ఇరుగుపొరుగు తాళం బద్దలుకొట్టి పిల్లను బయటికి లాగారు. సాయంత్రం ఇంటికొచ్చిన తల్లికి విరిగిన తాళం ముందు కనిపించింది, పిల్ల తర్వాత కనిపించింది. ఆ రెండింటికీ మధ్య ఆవిడ పడ్డ నరకం పగవాళ్ళకు కూడా వద్దు.

మర్నాడే పిల్లను చంకనేసుకుని ఆశ్రమం గేటు దగ్గరికి వచ్చింది. గేటు చూసుకునేది ఒక ముసలి సిస్టరు. ఆవిడ పిల్ల తల నిమిరి, మంచినీళ్ళు ఇచ్చి, అడగాల్సిన మొదటి ప్రశ్న అడిగింది. “నువ్వు పిల్లకేమవుతావమ్మా?”

“అమ్మనండీ.”

“అయితే కుదరదు తల్లీ. ఇది తల్లీ తండ్రీ లేని పిల్లల ఇల్లు. మా కన్యస్త్రీల సభ నియమం అది.”

“పగలు మాత్రం చూడండమ్మా. సాయంత్రం నేనొచ్చి తీసుకుపోతాను. నాకు అంతకంటే ఏమీ వద్దు.”

“అలాంటి పద్ధతి మా దగ్గర లేదమ్మా” అంది ముసలి సిస్టరు. చెబుతున్నప్పుడు ఆవిడ కూడా తలెత్తలేదు.

ఆ తల్లి ఇంకా చాలామందిని అడిగింది. పెద్దమనుషుల ఇళ్ళు, సంఘాలు, ఆఫీసులు. లోకం తీరు చిత్రమైంది. ‘అనాథ’ అంటే మన చెయ్యి జేబులోకి పోతుంది. ‘పేద తల్లి’ అంటే మన నోట్లోకి నీతులు వస్తాయి. మొగుడేడీ అన్నారు. పోషించలేనిదానివి ఎందుకు కన్నావన్నారు. ఒకావిడ మాత్రం జాలిపడి, చెవిలో ఒక ఉపాయం చెప్పింది.

వారం తిరక్కుండా అదే గేటు దగ్గరికి, అదే పిల్లతో, వేరే చీర కట్టుకుని వచ్చింది. “మా అక్క కూతురండీ. అక్క పోయింది” అంది. తలుపు తెరుచుకుంది. పగలు చూసే ఒక చెయ్యి కావాలని వెళ్ళిన మనిషి, పిల్లను పూర్తిగా వదిలి వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే. కానీ గోరందించేవాళ్ళు ఎవరూ లేనప్పుడు ఆ తల్లి ఏం చేస్తుంది?

ఆ తర్వాత ఏడాదికి ఆశ్రమంలో బట్టల పనికి మనిషి కావలసివచ్చింది. గేటు సిస్టరే కబురుపెట్టింది. అలా తల్లీ కూతురూ పొద్దంతా ఒకే ప్రహరీ లోపల, పిన్నీ అక్క కూతురూ అయి, రెండేళ్ళుగా బతుకుతున్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తల్లి ఒక్కతే గదికి పోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఒక వారం మొదలైంది.

వాళ్ళ ఆచారం ప్రకారం ఏడెనిమిదేళ్ళు వచ్చిన పిల్లలు మొదటిసారి పాపసంకీర్తనం చేస్తారు. అంటే, చర్చి గురువైన ఫాదర్ గారి దగ్గర మోకరించి తాము చేసిన తప్పులు ఆయన చెవిలో చెప్పుకుంటారు. క్షమాపణ దొరికాక, ఆదివారం పూజలో తెల్లగౌను వేసుకుని మొదటి దివ్యసత్ప్రసాదమనే పవిత్రమైన రొట్టె తీసుకుంటారు. ఆ ఏడు పద్నాలుగు మంది పిల్లలున్నారు. వాళ్ళకు సత్యోపదేశం చెప్పేది పిల్లల బాధ్యత చూసే సిస్టరు. మనిషి నిక్కచ్చి. చేతిలో ఎప్పుడూ గంట ఉంటుంది గనక పిల్లలు చాటుగా ‘గంట సిస్టర్’ అంటారు.

“ఎవరెవరు ఏమేం చెప్పుకోవాలో గుర్తుచేసుకున్నారా?” అని మంగళవారం గంట సిస్టర్ అడిగింది.

ఒక పిల్ల చక్కెర దొంగిలించిందట. ఒక పిల్ల పక్కపిల్ల జడకు జిగురు పూసిందట. ఇంకొకతి తనకు పాపాలు చాలలేదని పక్కపిల్లను రెండు అడిగి పుచ్చుకుందట. గువ్వ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

“నేను చెప్పను సిస్టర్.”

“ఏం? నీకు పాపాలే లేవా?”

“ఉంది. ఒకటే. అది చెప్పను.”

“ఫాదర్ గారు ప్రాణం పోయినా ఎవరికీ చెప్పరమ్మా.”

“ఫాదర్ గారు చెప్పరు. దేవుడు మదర్ గారికి చెప్పేస్తేనో?”

మదర్ గారంటే ఆ ఇంటికి పెద్ద. క్లాసంతా గొల్లున నవ్వింది. గంట సిస్టర్‌కు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. “దేవుడికి అంతకంటే పనులున్నాయి గానీ, నువ్వు చెప్పేసెయ్. క్షమించేస్తాడు” అంది.

గువ్వ కట్టుకున్న చేతులు విప్పింది. “చెప్పాక ఆ పాపం మళ్ళీ చేయకూడదు కదా సిస్టర్?”

“చేయకూడదు మరి. ఇక చేయనని మాట ఇవ్వాలి.”

“అదే కుదరదు. నేను సాయంత్రమే మళ్ళీ చేయాలి.”

గంట సిస్టర్ ఎన్ని విధాల అడిగినా ఆ పిల్ల నోరు విప్పలేదు. శనివారం లోపల మనసు మార్చుకోకపోతే ఆదివారం తెల్లగౌను లేదని, వెనక బెంచీలో కూర్చోవాలని చెప్పింది. తలూపింది గువ్వ. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని మరీ తలూపింది.

బుధవారం గంట సిస్టర్ ఇస్త్రీ గదికి వచ్చింది. “నీ అక్క కూతురు మొండికేసింది. ఏదో పెద్ద తప్పే చేసినట్టుంది. నీ మాటైనా వింటుందేమో అడిగి చూడు” అంది. చేతిలో పెట్టె కింద సిస్టర్ ముసుగు గుడ్డ కమురు వాసన వచ్చింది. రెండేళ్ళలో ఆవిడ ఒక బట్ట కాల్చడం అదే మొదటిసారి.

సోమవారం వాన మూలంగా ఆ రోజు పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య గువ్వను పట్టుకుంది. నాలుగు వైపులా తెల్లటి గుడ్డలు, నెత్తిన ఆకాశం. అయినా చుట్టూ చూసుకుని గొంతు తగ్గించింది.

“ఏమిటే నీ పాపం?”

“నీకు తెలుసుగా పిన్నీ.”

ఎవరూ లేనప్పుడు కూడా పిన్నీ అనే పిలవమని నేర్పింది ఆవిడే. గోడలకు చెవులుంటాయని చెప్పింది కూడా ఆవిడే.

“అది నీ పాపం కాదే. నాది. నేను నేర్పాను, నేనే మోస్తాను. ఏ చక్కెర దొంగతనమో ఒకటి చెప్పేసి వచ్చెయ్.”

“నేను చక్కెర తీయలేదుగా. తీయకుండా తీశానంటే అది ఇంకో అబద్ధం కదా!”

సత్యం చెప్పమని చదువు నేర్పించే ఇంట్లో పిల్లను చేర్చి, అబద్ధంతో అక్కడ నిలబడమంది. ఆ పిల్ల మాత్రం రెంటినీ చిత్తశుద్ధితో నేర్చుకుంది.

“ఇంకోటుంది” అంది గువ్వ, దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ. “సాయంత్రం ప్రార్థనలో అందరం ‘పరలోకంలో ఉన్న మా అమ్మానాన్నల ఆత్మలకు శాంతి కలుగుగాక’ అంటాం కదా. నేను కూడా అంటాను, అనకపోతే గంట సిస్టర్ చూస్తుంది. రోజూ అంటున్నానని దేవుడు నిజంగానే నిన్ను తీసుకుపోతాడేమోనని భయం. అందుకని ప్రార్థన అయ్యాక మనసులో ఇంకోటి అంటాను.”

“ఏమంటావే?”

“‘స్వామీ, మా అమ్మ సంగతి ఇప్పుడు చెప్పింది వినకు. ఆమె బతికే ఉంది, బట్టలుతుకుతోంది’ అని. కానీ ఒక్కోసారి నిద్రొచ్చేసి మర్చిపోతాను. పొద్దున్నే లేచి నువ్వొచ్చావో లేదో అని కిటికీలోంచి చూస్తాను.”

రోజూ ఉదయం ఆవిడ గేటు దాటి వస్తుంటే రెండో అంతస్తు కిటికీలో ఒక చిన్న తల కనిపించి మాయమయ్యేది. పిల్ల తనను చూడాలని ఆశపడుతోందని మురిసిపోయేది పిచ్చితల్లి. తాను బతికి ఉందో లేదో చూసుకుంటోందని ఆవిడకు ఏం తెలుసు?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే పిల్లకు మంచం పోతుంది, బడి పోతుంది, వేళకింత తిండి పోతుంది. తనకు పని పోతుంది. మళ్ళీ ఆ గది, ఆ తాళం. చెప్పకపోతే రోజూ సాయంత్రం ఏడేళ్ళ పిల్ల, తల్లిని తన నోటితోనే చంపుకుంటున్నానేమోనని బెంగటిల్లిపోవాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. కానీ చించుకోకపోతే లోపల కుళ్ళుతోంది కదా!

గురువారం సాయంత్రం పని అయిపోయినా ఆవిడ ఇంటికి పోలేదు. ప్రార్థన గది తలుపు పక్కన నిలబడింది. అరవై రెండు గొంతులు ఒకేసారి చనిపోయిన తల్లులకు శాంతి కోరుతున్నాయి. మూడో వరసలో గువ్వ కూడా పెద్దగా అంటోంది. ప్రార్థన అయిపోయి పిల్లలంతా లేచినా ఆ పిల్ల లేవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు గబగబా కదిలిస్తోంది. తన కోసం దేవుడితో జరుగుతున్న ఆ బతిమాలుకోలును తల్లి కళ్ళారా చూసింది. అంతే, ఇక ఆవిడ మనసులో ఊగిసలాట మిగల్లేదు. ఏమైతే అదైందనుకుంది.

శుక్రవారం పీఠం గుడ్డలు మడతపెట్టి పెద్ద మదర్ గారి గదికి పట్టుకెళ్ళింది. మదర్ గారికి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. గంట సిస్టర్ పక్కనే నిలబడి ఆదివారం ఏర్పాట్లు చెబుతోంది. గేటు సిస్టర్ తాళంచెవులు అప్పగించడానికి వచ్చి, కూర్చోమంటే కూర్చుంది. ఒంటరిగా దొరుకుతారేమో అనుకున్న ఇస్త్రీ పిన్నికి ముగ్గురూ ఒకేచోట దొరికారు.

గుడ్డలు బల్ల మీద పెట్టి, చేతులు జోడించి, “మదర్ గారూ, గువ్వ నా అక్క కూతురు కాదు. నా కూతురు” అనేసింది.

ఆవిడే మొత్తం చెప్పుకొచ్చింది. హోటలు, గది, పొగ, తాళం, మారిన చీర. పిల్ల ఎందుకు నోరు విప్పడం లేదో చెప్పింది. ప్రార్థన అయ్యాక ఏమని వేడుకుంటోందో కూడా చెప్పింది.

ముందు తేరుకున్నది గంట సిస్టర్. “మూడేళ్ళా! మూడేళ్ళు మమ్మల్ని మోసం చేశావా? ఆ మంచం ఎవరిదో తెలుసా? ఎవరూ లేని పిల్ల ఒకతి మా గుమ్మంలోంచి వెనక్కిపోయి ఉంటుంది. దాని చోటు నువ్వు తినేశావు!”

“నిజమేనమ్మా” అంది తల్లి. “ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. కానీ రోజూ గుర్తొస్తుంది.”

అప్పుడు మూలన కూర్చున్న గేటు సిస్టర్ దగ్గింది.

“మదర్, నాకు తెలుసు.”

“ఏమిటి తెలుసు?”

“ఈవిడ మొదటి వారం తల్లిగా వచ్చింది, రెండో వారం పిన్నిగా వచ్చింది. చీర మారింది గానీ, పిల్లను చంకనేసుకున్న తీరు మారలేదు. పిన్నులు అలా ఎత్తుకోరు మదర్. నలభై ఏళ్ళు గేటు దగ్గర కూర్చున్నదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడిగితే నేను అబద్ధం చెప్పలేను. అందుకని మీరు అడగకుండా చూసుకున్నాను” అంది ముసలావిడ నిబ్బరంగా. “ఈవిడ ఒక్కతే కాదు మదర్. నెలకోసారి చూడ్డానికొచ్చే పిన్నులనూ పెద్దమ్మలనూ మేనత్తలనూ మీరెప్పుడైనా సరిగ్గా చూశారా? ఏ మేనత్త అంతలా ఏడుస్తుంది వెళ్ళేటప్పుడు?”

మదర్ గారు గోడ మీది స్థాపకురాలి పటం వైపు చూసింది. సభను స్థాపించిన తల్లి కాలం వేరు. అప్పుడు అంటురోగం ఇళ్ళకిళ్ళు ఊడ్చేస్తే, వీధుల్లో మిగిలిన పిల్లలను ఆ తల్లి ఏరుకొచ్చి అన్నం పెట్టింది. తల్లీ తండ్రీ లేని బిడ్డలకు ఈ ఇల్లు అని రాసింది. అప్పటికి అది కళ్ళెదుట ఉన్న కష్టానికి సరిగ్గా తగిన మాట. తర్వాత కష్టం ముఖం మార్చుకుంది. నియమం మాత్రం ఎక్కడ రాసింది అక్కడే ఉండిపోయింది. దాన్ని భక్తితో కాపాడుకుంటూ వచ్చారే గానీ, దాని మూలంగా ఎవరు ఏమైపోతున్నారో అడిగిన వాళ్ళు లేరు.

“పిల్లను పిలవండి” అంది మదర్ గారు చివరికి.

గువ్వ వచ్చింది. గదిలో తల్లిని చూడగానే మొహం పాలిపోయింది. “నేనేం చెప్పలేదు పిన్నీ! ఒట్టు!” అంది ఏడుపు గొంతుతో.

మదర్ గారు ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. “గువ్వా, నువ్వు చెప్పనన్న పాపం నీది కాదమ్మా. నాది. రేపు నువ్వు నీవేవో చెప్పుకో. అది మాత్రం నాకు వదిలెయ్. నేను చెప్పుకుంటాను.”

“మళ్ళీ చేయనని మీరు మాట ఇవ్వాలి మరి” అంది గువ్వ, ముక్కు ఎగబీలుస్తూ.

“ఇస్తాను” అంది మదర్ గారు.

శనివారం పద్నాలుగు మంది పిల్లలూ వరసలో నిలబడ్డారు. గువ్వ లోపలికి వెళ్ళి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. ‘ఒక్కటే అన్నావుగా!’ అని పక్కపిల్ల గిల్లితే, ‘మొదలుపెట్టాక బోలెడు గుర్తొచ్చాయి’ అందట. పిల్లల వెనకాల, కర్ర ఊతంగా, మదర్ గారు నిలబడి ఉంది. కూర్చోమని కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. లోపల ఆవిడ ఏం చెప్పుకుందో మనకు తెలిసే వీలు లేదు. ఆదివారం ఏం చేసిందో మాత్రం అందరూ చూశారు.

ఆదివారం ఉదయం పూజ అయింది. మధ్యాహ్నం బంధువులు వచ్చే వేళ. పొడుగాటి హాలులో బెంచీలు రెండు వరసలు. ఒకవైపు పిల్లలు, ఒకవైపు వాళ్ళను చూడవచ్చిన వాళ్ళు. కూలిపనుల వాళ్ళు, పాచిపనుల వాళ్ళు, కుట్టుపనుల వాళ్ళు. ఇస్త్రీ పిన్ని కూడా ఆ వరసలోనే చివర కూర్చుంది. పని ఉంటుందో ఊడుతుందో ఆవిడకు ఇంకా తెలియదు. మదర్ గారు ఒక్కమాట కూడా చెప్పలేదు.

మదర్ గారు లేచి నిలబడగానే హాలు సద్దుమణిగింది.

“అమ్మలారా, మీలో కొందరు ఈ ఇంటి గుమ్మంలో అబద్ధం చెప్పి ఉంటారు. నేను మిమ్మల్ని తప్పుపట్టడానికి లేవలేదు. ఆ అబద్ధం మీ చేత చెప్పించింది మేము. తల్లి ఉన్న పిల్లకు ఇక్కడ చోటు లేదని బోర్డు కట్టి కూర్చున్నాం. మీరు బిడ్డ కడుపు నింపడం కోసం మిమ్మల్ని మీరే చంపుకున్నారు. ఈరోజు నుంచి ఏ పిల్లనూ ఆ కారణంతో బయటికి పంపం. పిల్లలూ, ఈ హాల్లో ఎవరికైనా అమ్మ ఉంటే, అమ్మా అని పిలవండి.”

ఎవరూ కదల్లేదు. భయం ఒక్కమాటతో పోయేది కాదు కదా. ఏళ్ళ తరబడి బిడ్డల నోట కట్టిన తాళాలవి. పెద్దవాళ్ళు తలలు దించుకున్నారు, పిల్లలు పెద్దవాళ్ళ మొహాలు చూస్తున్నారు. వల వేసి పట్టుకుంటారేమోనని అందరికీ అనుమానమే. ఇస్త్రీ పిన్ని లేవబోయింది. మళ్ళీ కూర్చుండిపోయింది.

తెల్లగౌనుతో గువ్వ బెంచీ దిగింది. హాలు మధ్యకు వచ్చి నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మూడేళ్ళుగా ఆ మాటను పైకి అని ఎరగదు పాపం. గుటక మింగి మళ్ళీ ప్రయత్నించింది.

“అమ్మా.”

చిన్నగా వచ్చింది. తనకే నమ్మకం చాలనట్టు ఇంకోసారి, ఈసారి హాలు దద్దరిల్లేలా అరిచింది. “అమ్మా!”

తల్లి ఎలా లేచిందో, ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. నేల మీద కూలబడి బిడ్డను గుండెకు అదుముకుని, ఎవరేమనుకుంటారోనన్న బెదురు లేకుండా, మూడేళ్ళ ఏడుపు ఏడ్చింది.

పిల్లల వరసలోంచి ఇంకో గొంతు “అమ్మా” అంది. తర్వాత ఇంకోటి. పెద్దమ్మ అనుకున్న మనిషి దగ్గరికి అక్కాచెల్లెళ్ళు ఇద్దరు పరుగెత్తారు. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి పిలవలేక పిలవలేక, పిలిచి, సిగ్గుతో మొహం కప్పుకుంది. ఒక ముసలామె మాత్రం కంగారుగా లేచి, “నేను నిజంగానే మేనత్తనండీ! దీని అమ్మ నిజంగానే పోయింది, ఒట్టండీ!” అని అందరికీ చెప్పుకుంటోంది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. అన్నీ అయ్యాక చూస్తే, అరవై రెండు మందిలో ఇరవై మూడు మందికి ఆ హాల్లోనే తల్లులున్నారు.

గంట సిస్టర్ మొదట్నుంచీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎవరూ పిలవడానికి లేని పిల్లలు బెంచీల మీద మిగిలిపోయి, బిక్కమొహాలతో చూస్తున్నారు. నిక్కచ్చి మనిషి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. ఇద్దరు చిన్నపిల్లలను ఒళ్ళోకి లాక్కుంది. “మదర్, మరి ఇలాంటి వాళ్ళు ఇంకా బయట ఉన్నారు కదా. వాళ్ళకు మంచాలెక్కడివి?” అంది. ఇప్పుడు ఆ గొంతులో కోపం లేదు. బెంగ ఉంది.

“ఈ ఇరవై మూడు మంది పిల్లల తల్లులకూ కావలసింది మంచం కాదు” అంది మదర్ గారు. “పని నుంచి వచ్చేదాకా బిడ్డ భద్రంగా ఉండే చోటు. మూడేళ్ళ క్రితం గేటు దగ్గర ఈవిడ అడిగింది అదే. మనం వినలేదు. రేపటి నుంచి ఈ పిల్లలు పొద్దున్నే వస్తారు, ఇక్కడే తింటారు, ఇక్కడే చదువుకుంటారు, పొద్దుగూకగానే తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి పోతారు. ఇల్లు సరిగా లేని తల్లికి ముందు ఇల్లు చూద్దాం. ఖాళీ అయిన మంచాల్లో ఎవరూ లేని బిడ్డలు పడుకుంటారు. సభ పెద్దలు కాదంటే నేను వెళ్ళి మాట్లాడతాను. మోకాళ్ళు నొప్పులే గానీ, నోరు బాగానే ఉంది.”

అని, ఆవిడ హాలు మధ్యలో నేల మీద కూర్చున్న తల్లీకూతుళ్ళ వైపు చూసింది. చదువరులారా, ఆ తర్వాత ఆవిడ అన్నమాట ఆ ఇంటికి ఒక్కదానికే చెప్పింది కాదు. దానం చేసే ప్రతి చేతికీ, మన చేతికి కూడా చెప్పింది.

“బిడ్డకు అన్నం పెట్టడానికి చాచిన చెయ్యి, ఆ బిడ్డను తల్లి ఒడిలోంచి లాక్కోకూడదు.”